మడమ తిప్పని వంశం

పొద్దున్నే మంచం దిగడం
నాకిప్పుడొక రాయబారం.
ముందు కాలివేళ్ళు వెనక్కి లాక్కుని
ముప్ఫై లెక్కపెట్టి
గోడ పట్టుకుని
కుడిపాదాన్ని నేలమీదికి బతిమాలి తెస్తాను,
అలిగిన చుట్టాన్ని పంక్తిలోకి పిలిచినట్టు.

మేకు.
ఎవరో రాత్రంతా మేలుకుని
సానబెట్టి ఉంచిన మేకు.

రెండేళ్ళయింది.
"మడమ తిప్పని వంశం మనది" అని
మీసం దువ్వుకునే మా పెదనాన్న
ఇప్పుడు నన్ను చూస్తే ఏమనేవాడో.
తిప్పడం మాట దేవుడెరుగు పెదనాన్నా,
మోపడానికే దిక్కులేదు.

జీలాంగ్‌లో ఫిబ్రవరి.
గోడమీది కేలండర్ మాఘమాసం అంటుంది,
రేడియో నలభై ఒకటి అంటుంది.
బడి క్యాంటీన్లో అయిదు గంటలు నిలబడి
పిల్లలకి శాండ్‌విచ్‌లు అందిస్తుంటే
డాక్టరు రాసిచ్చిన బూట్లలో
నా పాదాలు కుడుముల్లా ఉడుకుతాయి.
విప్పితే పోటు, తొడిగితే ఆవిరి.

వేసవొస్తే ఈ ఊరందరిదీ ఒకటే చెప్పు:
వేళ్ళ సందున రబ్బరు పట్టీ,
అట్టముక్కంత మందం,
టపటపమంటూ బ్యాంకుకీ అదే, సముద్రానికీ అదే.
నాతో పనిచేసే మౌరీన్‌కి అరవై ఎనిమిది,
వాటితోనే బస్సు వెంట పరిగెడుతుంది.
ఆ మడమల మీద నాకున్న అసూయ
ఎవరి నగల మీదా ఏనాడూ లేదు.

ఎన్ని జతలు చూశానో.
పాకింగ్టన్ స్ట్రీట్లో ఎర్రపూసలవి,
అద్దంలో కాలు మురిసిపోయింది,
నాలుగో అడుగుకి మూలిగింది.
ఇంకోటి, లోపలంతా దూదే అన్నారు,
రెండు వారాల్లో ఆ దూది అప్పడమైంది.
పోస్టులో వచ్చిన జత పెట్టెమీద
మేఘాలమీద నడిచినట్టుంటుందని రాసుంది.
నేను నడవాల్సింది సిమెంటు మీద.

పాదాల డాక్టరు క్విన్
కుండ కొనేవాడిలా నా అరికాలిని వేలితో తట్టి
"ఇంట్లో కూడా ఒట్టికాళ్ళతో తిరగొద్దు" అన్నాడు.
గడప బయట చెప్పులు విడవడం
నేను మాటలకన్నా ముందు నేర్చానని
ఆయనకేం తెలుసు.
ఇప్పుడు నా వంటింట్లో చెప్పులు.
మొదటిరోజు పప్పు కలుపుతూ
నా అడుగుల చప్పుడుకి నేనే వెనక్కి తిరిగి చూశాను,
ఎవరో పరాయివాళ్ళు వచ్చారేమోనని.
దేవుడి అలమర ముందు మాత్రం విడిచేసి
తువ్వాలు నాలుగు మడతలేసి
దానిమీద నిలబడతాను.
ఒత్తి వెలిగించి గబగబా ముగిస్తాను.
ఆయన ఇంతవరకూ ఏమీ అనలేదు.
ఆయన పాదాలూ ఎప్పుడూ పీటమీదే కదా.

నిన్న నిహిర బూట్ల కోసం వెళ్ళి
మగవాళ్ళ అరలో, అడుగు వరసలో
చూశాను దాన్ని.
బురద రంగు. మూడు పట్టీలు. పడవలాంటి అడుగు.
ఎవరూ కొనక సగం ధర చీటీ.
చేత్తో వంచాను:
నడుం దగ్గర వంగలేదు, వేళ్ళ దగ్గర వంగింది.
మడమకి చిన్న గుంట,
గుడ్డు దొర్లిపోకుండా ఉండేంత.
తొడుక్కుని
మేకు ఎక్కడుందా అని వెతికాను.
ఉంది, ఎక్కడికి పోతుంది,
కాని పక్కింటివాళ్ళ పోట్లాటలా
గోడ అవతల ఉంది.

"మీవారికా?" అంది కొట్లో అమ్మాయి.
"కాదు, నా మడమకి."
"అమ్మా ప్లీజ్, పెళ్ళిళ్ళకి మాత్రం వద్దు" అంది నిహిర.
కుచ్చిళ్ళు ఓ అంగుళం దింపితే కనపడవని
నేనప్పటికే లెక్క వేసుకున్నాను.

కారు దగ్గరి దారి వదిలేసి
సముద్రం ఒడ్డు వెంట చుట్టు తిరిగి వచ్చాం.
నిహిర ఏదో చెబుతోంది, పరీక్షలో, స్నేహితురాలో,
మొత్తం విన్నాను.
ఎన్నాళ్ళకో కాళ్ళు అడ్డురాకుండా
ఒక మనిషి మాట విన్నాను.
ఐస్‌క్రీం బండి దాటాక
మళ్ళీ గుర్తొచ్చింది.
బెంచీ ఉంది, కూర్చున్నాం.

ఇంట్లో ఫ్రీజర్లో గడ్డకట్టిన నీళ్ళసీసా
సాయంత్రం నా అరికాలి కింద దొర్లడానికి
ఎదురుచూస్తూ ఉంటుంది.
ఉండనీ.
కాస్త ఆలస్యంగా వెళతాను.