చివరి అంకె

తెల్లారి నాలుగున్నరకు
పాలకేంద్రం షట్టరు ఎత్తేది నేనే.
గంటసేపు మిషను, చీటీలు, క్యాన్ల మోత.
ఎవరి పాలల్లో ఎన్ని నీళ్లో
ఊళ్లో అందరికంటే ముందు తెలిసేది నాకే.
మా చిన్నాయన పాలు కూడా ఒకసారి వెనక్కి పంపినా.
ఆరు నెలలు ఆయన నాతో మాట్లాడలేదు.

చెంగల్రాయుడి పాలల్లో మాత్రం
పదకొండేండ్లలో ఒక్క నీటిచుక్క చూడలేదు.

ఆ మనిషే రాత్రిపూట
తుపాకి తీసుకొని వంక దాటతాడు.
వాళ్ల తాతకు చేనికాపలాకని ఇచ్చిన తుపాకి.
తాతతోనే లైసెన్సు చచ్చిపోయింది,
తుపాకి చావలేదు.
దాన్ని పసుపుగుడ్డలో చుట్టి
చింతపండు కుండల వెనక పండబెడతారని
ఊరంతా తెలుసు.
తెలిసినట్టు ఎవరికీ తెలీదు.

నేనేం శుద్ధపూసను కాదు.
పోయినేడు పందులు మా చెనిక్కాయ చేను
ఒక్క రాత్రిలో దున్నిపారేస్తే
"ఒగటన్నా కొట్టకూడదా రాయుడన్నా" అనింది నేనే.
మూడోనాడు టేకాకు పొట్లం
గడపమీద పెట్టిపోయినాడు.
మిరియాలేసి వండినా, సంగటిలోకి.
పిల్లోడు వేళ్లు నాకినాడు.

ఆ పిల్లోడినే, కట్లపాము కరిచిన రాత్రి,
తువ్వాలతో వీపుకు కట్టుకొని
భాకరాపేట ఘాటు దిగి
రుయా ఆసుపత్రి మెట్లెక్కింది కూడా
తుపాకి మోసే ఆ భుజమే.

మొన్న బేస్తవారం
ఇంకా చీకటుండగానే వచ్చినాడు.
బండికి ఒక పక్క పాలక్యాను,
ఇంకో పక్క గోనెసంచి.
క్యాను దించతా ఉంటే సంచి ఒరిగింది.
రక్తమైతే చూపు తిప్పుకొనేదాన్ని,
అలవాటే.
సంచిలోంచి గచ్చుమీద పడింది
తెల్లచుక్క.
తరవాత ఇంకోటి.

పాలు చూసి బతికేదాన్ని.
అవి ఏ ఆవువీ కావని
ఒకరు చెప్పల్నా?
తలకోన పొదల్లో ఎక్కడో
తల్లి కదలొద్దన్న చోటే
కదలకుండా
పడుకోనుంటాది ఒకటి.

"నాలుగు పాయింటు ఆరు" అన్నా.
చీటీ చించి ఇచ్చినా.
నా గొంతు నాకే మిషను మాదిరి వినిపించింది.

మా కేంద్రం గోడమీద
అటవీశాఖోళ్లు నీలంరంగుతో రాయించిన నంబరుంది.
వేటగాళ్ల సమాచారం ఇవ్వండి,
మీ పేరు రహస్యంగా ఉంచుతాం.
నిరుటి వానకు సున్నం పెచ్చు రాలి
చివరి అంకె పోయింది.
పోతే పోయిందని ఊరు ఊపిరి పీల్చుకునింది.
ఆ అంకె నాకు తెలుసు.
రాసినోడికి నిచ్చెన పట్టుకునింది నేనే.

రెండు రాత్రులు ఫోను పట్టుకొని కూర్చున్నా.
తొమ్మిది అంకెలు నొక్కుతా, చెరిపేస్తా.
రహస్యమంట!
మూడిళ్ల అవతల దగ్గితే వినబడే ఊళ్లో.
దుప్పి కేసుతోనే పోనిస్తారా,
పక్కన ఎర్రచందనం దుంగ పెట్టి ఫోటో తీస్తారని
కన్నెమ్మ ఎప్పుడూ భయపడతా ఉంటాది.
ఆయన పెండ్లాం.
దినామూ నా పక్కన కూర్చోని టీ తాగతాది.
మరి నీళ్లపాలోళ్లను పట్టించిన రోజు
వాళ్ల పెండ్లాలను తలుచుకున్నానా?

ఈ పొద్దు రాయుడన్న క్యాను మూత తీస్తా ఉంటే
టీ పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు తీసుకొని
స్టూలెక్కి
గోడమీద ఆ ఏడు రాసినా.
పెద్దదిగా. వంకరగా.
వెనక పాలు పోసే శబ్దం
మధ్యలో ఆగి
మళ్లీ మొదలయింది.
"ఎంతొచ్చింది పాపా?" అన్నాడు.
"నాలుగు పాయింటు నాలుగు."
చీటీ జేబులో పెట్టుకోలేదు.
గోడను చూస్తా నిలబడినాడు.
చదువు రానోడు కాదు.

ఇది చెప్పడమా, చెప్పకపోవడమా
నాకు తెలీదు.
పిరికితనమేమో కూడా.

రాత్రి పదకొండయింది.
వంక అవతలికి చెవి పెట్టి పడుకోనున్నా.
కుక్కలు. కప్పలు. ఎవరిదో బోరు మోటరు.
ఫోను దిండు కింద.
తొమ్మిది నొక్కేసే పెట్టినా.