రిమార్కుల గడి

జోంబా కొండ కింద పాత రికార్డుల ఆఫీసులో
నాకు గ్లవుజులు ఇచ్చారు.
ఆసుపత్రిలో పురిటి బిడ్డల్ని తూచే చేతులు కదా,
కాగితాన్ని కూడా మెడ కింద చెయ్యి పెట్టినట్టే ఎత్తాను.

పద్దు పుస్తకం పంతొమ్మిది వందల పదిహేడుది.
తెంగా-తెంగా అనేవాళ్లు వాళ్లని, మోతగాళ్లు.
తుపాకి ఇవ్వని సైన్యం.
ఉత్తరాన జర్మన్ల మీదికి పోయే ఇంగ్లీషువాడి యుద్ధాన్ని
నెత్తిన పెట్టుకుని నడిచినవాళ్లు.
నంబరు, ఊరు, ఊరిపెద్ద, మోత, రిమార్కులు.
మనిషికో గీత.
మోత గడిలో పిండి, తూటాలు, మరతుపాకి కాలు,
ఒకచోట, నిజంగానే, దొరగారి మడత స్నానాల తొట్టి.
ఏదైనా ఇరవై మూడు కిలోలే.
అంటే మా వార్డులో ఏడుగురు బిడ్డలు.
లెక్క వెయ్యకూడదనుకుంటూనే వేశాను.

మా ఇంట్లో చెప్పే కథ వేరు.
ముత్తాత రువుమా నది దాటుతూ మొసలి నోట పడ్డాడనీ,
ఆయన కొడుకు లైసోనీ తాత
రెండో యుద్ధంలో బర్మా దాకా వెళ్లి పతకం తెచ్చాడనీ.
పతకం అద్దాల బీరువాలో ఉంది.
మొసలి పిల్లల ఆటల్లో ఉంది.
తాత పుట్టింది ఇరవైలో.
పదిహేడులో మొసలి మింగినవాడికి
ఇరవైలో కొడుకెలా పుట్టాడని
ఏ పెళ్లిలోనూ, ఏ చావులోనూ ఎవరూ అడగలేదు.

నంబరు నాలుగు వేల నాలుగు వందల పదిహేడు.
మ్తాంబలికా. ఊరు మాదే.
ఆనవాలు: ఎడమ చేతికి చిటికెన వేలు లేదు.
రిమార్కులు: బరువు దించాడు. పరారీ.

ఆ రెంటి మధ్య చుక్క దగ్గర చాలాసేపు ఆగిపోయాను.
విసిరేశాడని రాయలేదు.
దించాడు.

లైసోనీ తాత చెప్పేవాడు:
పొగాకు కొట్టం వెనక ఒక మేనమామ ఉండేవాడట,
నాలుగు వేళ్ల చేత్తోనే బావో గుంటల్లో గింజలు పంచి
ఊరందర్నీ ఓడించేవాడట.
బూట్ల చప్పుడు వినపడితే మొక్కజొన్నల్లోకి జారుకునేవాడట.
ఒకసారి పన్ను గుమాస్తాకి ఎదురుపడ్డాడు.
ఎవరితను అంటే
జేజమ్మ రోకలి ఆపకుండా "సాద్జీవా" అందట.
ఏమీ తెలీదు ఇతనికి, అని.
గుమాస్తా అదే పేరనుకుని రసీదు రాశాడు.
అదే మా ఇంటిపేరు. బళ్లో నవ్వేవాళ్లు.

తండ్రిని మామా అని పిలుస్తూ పెరిగిన తాత
బర్మా అడవిలోంచి ఎందుకు పారిపోలేదు?
పారిపోవచ్చని ఆయనకెవరూ చెప్పలేదు.
నిద్రలో "దించండ్రా, దించండి" అని అరిచేవాడు.
పొద్దున్నే మేం పతకం తుడిచేవాళ్లం.

ఎనెలెసి మేనత్తకి చెప్పాను.
కంకి ఒలుస్తూనే వింది.
"జీతం బాకీ ఏమైనా రాసుందా?"
లేదన్నాను.
"అయితే మొసలినే ఉండనీ. పిల్లలకి అలవాటైంది."
కాసేపాగి, గొంతు తగ్గించి,
"వేలి సంగతి మా అమ్మకీ తెలుసు."

ఇవాళ రాత్రి డ్యూటీలో ఒక మగపిల్లాడు.
రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు.
కార్డు మీద రిమార్కుల గడిలో ఏమీ రాయలేదు.
వేళ్లు మాత్రం లెక్కపెట్టాను.