గంట అప్పజెప్పడం

రేపట్నుంచి గంట నీది, ఓబులేసూ.
రైలుపట్టా ముక్క అది, వేపకొమ్మకు గొలుసేసి కట్టినాం.
కొట్టే బోల్టు ఆఫీసురూము గూట్లో పెడతా.
చేతిలో జారుతుంటాది, గుడ్డ చుట్టుకో.

కొట్టడం ఎవురన్నా కొడతారు.
కొట్టేదానికి ముందు నడిచేది ఉంది చూడు,
అది నీకు చెప్పిపోవాల.

ఏడో తరగతి, కిటికీ పక్క మూడో బెంచీ, ఆర్షియా.
గంటకు రెండు నిమిషాల ముందు ఆ కిటికీ కాడికి పో.
పిలవొద్దు. భుజం తట్టొద్దు.
కమ్మీ మీద రెండు వేళ్లు పెట్టి నిలబడు, చాలు.
నీ మొగం చూడదు.
చూడలేదని మల్లా మల్లా ఊపేవు, వేళ్లు చూసింటాది.
చెవులు మూసుకున్యాక వచ్చి కొట్టు.

ఎర్రగుంట్ల ఎండలు నీకు చెప్పాల్నా,
ఈ నడక దండగనిపిస్తాది.
నాకూ అనిపించింది.

ఆరో తరగతిలో చేరినప్పుడు
గంట మోగితే బెంచీ కిందికి దూరేది, అరిచేది.
పొగరన్నారు. గాలి సోకింది, తాయెత్తు కట్టించమన్నారు.
పిల్లోళ్లు ఆ పాప చెవికాడ స్టీలుప్లేట్లు కొట్టి నవ్వినారు.
నేనూ ఒకసారి నవ్వితి.
గుర్తుపెట్టుకో, నేనూ నవ్వితి.

వాళ్ల నాయిన మహబూబ్ బాషాది నాపరాళ్ల పాలిష్ మిషన్ కాడ పని.
ఆ రంపం కోత విన్యావు గదా, పండ్లు జిల్లుమంటాయి.
ఆదివారమైతే ఆ పాప ఆడనే, రాళ్ల సందున నిద్రపోతాదంట.
రంపానికి లేవని బిడ్డ గంటకు ఎందుకు అదురుతాది?
శానా దినాలు నాకు అంతుపట్టలే.

మంగళవారం మంగళవారం భవిత కేంద్రం నుంచి లీలావతి మేడం వస్తాది.
ఆటిజం అని చెప్పింది.
ఆ మాట ఇప్పటికీ నా నోట సరిగ్గా తిరగదు.
"రంపం పొద్దున మొదలైతే సందేళ దాకా ఒకటే తీరు దస్తగిరన్నా,
నీ గంట చెప్పాపెట్టకుండా మీద పడతాది" అనింది.
అది మాత్రం తిరిగింది.

అయినా ఒకరోజు తప్పితి.
తుఫాను వాన. బడి వదలమని ఫోనొచ్చింది.
హెడ్మాస్టరు కేకేస్తే ఉరికిపోయి కొడితి, లాంగుబెల్లు.
పిల్లోళ్లంతా కేరింతలు.
ఆర్షియా గేటు దాటి, సిమెంటు లారీలు పోయే రోడ్డు దాటి,
ఎట్ల దాటిందో ఆ పైవాడికే తెలియాల.

దొరికింది, నాపరాళ్ల దొంతుల ఎనక.
తడిసిన రాతికి చెంప ఆనించి ఉంది.
పదడుగుల దూరంలో నేనూ కూర్చుంటి, వానలో.
ముట్టుకోలే. ఏమీ అనలే.
జేబులో బీడీకట్ట ముద్దయింది.
ఎంతసేపటికో, రాతితో చెప్పినట్టు చెప్పింది:
"పదకొండు పన్నెండు.
పదకొండు పన్నెండులో గంట లేదు."
నిజమే. టైంటేబుల్లో యాడుంది?
"తప్పు నాదే పాపా" అంటి.
"తప్పు నీదే" అనింది.
ముప్పై ఒక్క ఏండ్ల సర్వీసులో
నా మీద పడిన రిమార్కుల్లో సరైనది అదొక్కటే.

అందుకే, ఒంటిపూట బడులొచ్చినా, పరీక్షలొచ్చినా,
టైము మారుతుందంటే ముందురోజే చీటీ రాసియ్యి.
రాత వంకరైనా పర్వాలే, అంకెలు తప్పగూడదు.
ప్లేట్లు కొట్టినోళ్లలో గంగరాజు ఉన్నాడే,
నేను రోంత ఆలస్యమైతే వాడే వేళ్లెత్తుతాడు.
మంచోడయినాడని గాదు,
ఎప్పుడు గంట కొడతారా అని కాచుకోనుంటాడు.

ఆ పాప నీకు నమస్తే చెప్పదు. నాకూ చెప్పలే.
నిన్న సన్మానంలో శాలువా కప్పుతుంటే
చప్పట్లు మొదలయ్యేలోపల
ఏడో తరగతి వరస దిక్కు రెండు వేళ్లు ఎత్తితి.
ఫోటో కోసమనుకోని నవ్వినారంతా.
చెవులు మూసుకుంది.

ఇంగొకటి.
జూన్‌లో వాళ్లు ఎనిమిదికి పోతారు, పై అంతస్తుకు.
నీకు మోకాళ్ల నొప్పులని తెలుసు.
మెట్లు పదహారున్నర. ఆ పాప లెక్క, ఒకటి సగం విరిగింది గదా.
ఎక్కు.