లైన్ ఎకౌంటు

నెలాఖరున మా వార్తల్ని స్కేలు పెట్టి కొలుస్తాం.
కత్తిరించి, తెల్లకాగితం మీద అంటించి,
పక్కన సెంటీమీటర్లు, కింద కూడిక.
నరసాపురం కంట్రిబ్యూటరు బతుకు
పన్నెండంగుళాల చెక్క.

ఆ సాయంత్రం నేను రేవులో ఉన్నాను,
పంటు పాట వాయిదా పడిందని రాయడానికి.
టీ కొట్టు టీవీలో పొగ.
ఎక్కడో పెద్ద ఊరు, హస్తకళల ఎగ్జిబిషను,
ఎర్ర అక్షరాల్లో పదకొండు.
గ్లాసు ఖాళీ అయ్యేలోగా పదిహేడు.
ఆటుపోట్లు తెలిసిన సరంగు అన్నాడు:
"ఇంకా ఎక్కుద్దండి ఇది."

డెస్కు నించి ఫోను.
"మీ వైపు నించి లేసు పట్టుకెళ్ళినోళ్ళున్నారా?"
ఉన్నారు.
గుబ్బల సువార్త, ముప్పై నాలుగేళ్ళు.
మా ఆవిడకి అల్లిక నేర్పిన మనిషి.
అది మాత్రం చెప్పలేదు.
పేరు వినగానే అక్కడ హెడ్డింగు పుట్టింది:
'సువార్త... ఇక విషాద వార్త!'
ఫోన్లో వెనక నించి ఎవరో
శభాష్ అన్నారు.

తొమ్మిదిలోపు ఫోటో కావాలి.
రుస్తుంబాద సందులో ఆ ఇంటికి ఇంకా కబురందలేదు.
మొగుడు పంటు మీద డ్యూటీ.
కూతురు కేరోలు గడపలో కూచుని నూలు చుడుతోంది.
"మీ అమ్మ వాళ్ళ సంఘం మీద రాస్తున్నామమ్మా" అన్నాను.
రేషన్ కార్డు కవర్లోంచి ఒకటి తీసిచ్చింది.
"ఇందులో అమ్మ నవ్వలేదండీ" అని
పెట్టె దింపి, ఇంకోటి వెతికింది.

తెల్లారేసరికి వేన్లు దిగాయి,
నెత్తిన గొడుగులు వెల్లకిలా పెట్టుకుని.
మొగుడి ఒడిలో లేసు గుడ్డ పరిచి
దాని కింద మైకు వైరు దాచారు.
అడగాల్సిందే అడిగారు.
అతను కెమెరాని కాదు, వైరునే చూస్తూ
"ఎవరన్నా తొక్కుతారేమోనండీ, తీసేయండి" అన్నాడు.
ఆ ముక్క ప్రసారం కాలేదు.

మర్నాటికి ఇరవై మూడు.
డెస్కుకి కొత్త యాంగిల్ కావాలి.
సువార్త సంచుల్ని రైలెక్కించింది ఎవరు?
మస్తాన్ వలీ. పదేళ్ళుగా ఆమెకి నూలు అప్పిచ్చినవాడు.
ఎస్సై స్టేషనుకి పిలిచి అడిగిన మాట నిజం.
అరగంటలో, టీ ఇప్పించి పంపేసిన మాటా నిజం.
నేను మొదటి నిజం రాశాను.
'నూలు వ్యాపారిపై పోలీసుల ఆరా.'
పేరు వేయలేదు, అంటాను ఇప్పటికీ.
వేయక్కర్లేదు.
ఆ వీధిలో నూలు కొట్టు ఒకటే.

మధ్యాహ్నానికి షట్టరు దిగింది.
ఎవరూ రాయి వేయలేదు.
రాయి పడలేదన్నది వార్త కాదు కదా.
సంఘం ఆడవాళ్ళు నూలుకి
పాలకొల్లు బస్సెక్కారు, పద్దెనిమిది రోజులు.

పందొమ్మిదో రోజు సవరణ.
లోపలి పేజీలో, కొబ్బరి ధరల కింద,
గోరంత.
పేపరు నేనే తీసుకెళ్ళాను.
మస్తాన్ కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాడు.
"ఆయ్, వచ్చిందండి" అన్నాడు.
దుమ్ము దులిపి స్టూలు వేశాడు.
నిలబడే ఉన్నాను.

నెలాఖరు.
సువార్త, ఫోటోతో, పదకొండున్నర.
ఆరా, ఎనిమిది.
సవరణ, రెండు.
దీనికీ కడతారా అనడిగితే
"అచ్చయింది కదా గురూ" అన్నారు ఎకౌంట్స్ వాళ్ళు.

పక్కన మా ఆవిడ అల్లుతూ అల్లుతూ ఆగింది.
లెక్క ఎక్కడో తప్పిందట.
దారం పట్టుకుని లాగింది.
పువ్వులు, ఆకులు, వారం రోజుల అంచు
జరజరా విడిపోయి ఒళ్ళో దారమై పడ్డాయి,
తప్పు పడ్డ గంటు దాకా.
మళ్ళీ కొక్కెం తీసుకుంది.

"ఆ స్కేలు ఓసారి ఇటియ్యండి" అంది,
నా కూడిక ఇంకా పూర్తవకముందే.