పదకొండోది

పదమూడు పెడితే పదకొండు లేచాయి.
జూటుమిల్లు గోనె పరిచిన గంపలో
పర్ల పెట్ట రెక్క ఎత్తితే
అన్నీ ఒకే అరుపు,
ఒకే నూకల రంగు.

"ఎన్ని పెట్టలే?" అంది తవిటమ్మ
గోడ మీంచి, అడ్డపొగ నోట్లో ఉండగానే.
నాకేం తెలుసు.
చదివింది ఇంటరు. చేసేది
విజయనగరం కోట దగ్గర స్కానింగు సెంటర్లో
చీటీలు రాసే పని.

నెల్లిమర్లలో గోడ అవతలున్నవాళ్ళు
రావడానికి ఎంతసేపు.
వచ్చింది. ఒకదాన్ని కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తింది.
"తల పైకి లేపితే పెట్ట. ఏలాడేసిందా, పుంజు.
ఆడదెప్పుడూ నేలెటుందో సూసుకుంటాదే గుంటా."
బూడిదరంగుది. లేపింది.
మళ్ళీ ఎత్తితే వేలాడేసింది.
"అలిసిపోనాది," అంది తవిటమ్మ,
దాన్ని పెట్టల్లోనే కలిపేసింది.

మా మరిది గవరయ్య రెక్కలు విప్పి చూశాడు.
ఈకలు పొడుగూ పొట్టీ కలిసుంటే పెట్టలట,
దువ్వెన పళ్ళలా ఒక్క వరసనుంటే పుంజులట.
ఫోన్లో చూశాడు.
అది ఫారం కోళ్ళ సంగతని, నాటుకోడికి వర్తించదని
అదే ఫోను చివర్లో చెప్పింది.

మా అత్త మాత్రం గుడ్డప్పుడే చెప్పగలదు.
మొన తేలితే పుంజు, గుండ్రమైతే పెట్ట.
పెంకులు పారబోశాక గుర్తొచ్చింది ఆవిడకి.

నేను నోటుపుస్తకంలో గీతలు గీశాను.
పెట్టలకి ఎర్రదారం, పుంజులకి గోనె పురి
కాళ్ళకి కట్టాను.
మూడోనాటికి ఒకదాని దారం ఒకటి పీక్కుని
తినేశాయి.

పగలు నా కుర్చీ వెనక గోడకి బోర్డు.
లోపలున్నది ఎవరో చెప్పడం నేరమని
ఎర్ర అక్షరాలు.
గజపతినగరం నుంచొచ్చిన ముసలాయన
కోడలి చీటీ మడిచి జేబులో పెట్టుకుని
అటూ ఇటూ చూసి వంగాడు.
"డాక్టరమ్మ నవ్విందా తల్లీ? అదొక్కటీ చెప్పు."
ఆవిడెప్పుడూ నవ్వదు తాతా, అన్నాను.
నిజమే చెప్పాను.
అయినా మెట్లు దిగుతూ
వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం పిల్లలకి తవుడు కలుపుతూ అడిగాను,
నీకీ పేరేంటి అని.
"నాకు ముందు నలుగురు పోనారు.
నాను పుట్టగానే మాయమ్మ చేటలో ఎట్టి
మంత్రసానికి అమ్మీసింది.
చేటెడు తవుడు పోసి మళ్ళా కొనుక్కుంది."
ఆడో మగో చూసుకోలేదా?
"ఊపిరాడతందా నేదా, అదే సూపు.
మిగతాది బేరమైపోనాక సూసినారు."
ఆరిన పొగ తీసి, మళ్ళీ ముట్టించింది.

గద్ద ఒకదాన్ని ఎత్తుకుపోయింది.
పుస్తకంలో ఏ వరసలో కొట్టేయాలో తెలీక
అంచున చుక్క పెట్టాను.
చుక్కలు మూడయ్యాయి.
నెత్తిన ఎరుపు తేలినవి కొన్ని,
తేలీ తేలనట్టున్నవి కొన్ని.
అందరినీ పొడిచేది పుంజేనన్నాడు గవరయ్య.
అది గుడ్డు పెట్టింది.

గుడ్లిచ్చినందుకు తవిటమ్మకి
ఒక పెట్ట ఇస్తానన్నాను మొదట్లోనే.
బూడిదరంగుదే కావాలంది.

మిల్లు మూసేశాక తెల్లారి సైరను లేదు.
వీధి మాత్రం ఇంకా ఆ వేళకే లేచి కూర్చుంటుంది,
ఎక్కడికీ పోవక్కర్లేకపోయినా.
ఇవాళ ఆ వేళకి గోడ అవతల
తుప్పు గొళ్ళెం లాగినట్టు ఒక చప్పుడు.
సగంలో ఆగింది. దగ్గింది. మళ్ళీ మొదలెట్టింది.

వెళ్ళి చూస్తే
అరుగు మీద తవిటమ్మ, ఒళ్ళో అది
మెడ నిక్కించుకుని.
"మా పెట్ట కూసింది, ఇన్నావా," అంది
వీధంతా వినేలా.
తప్పైపోయింది, వేరేది ఇస్తాను, మార్చుకో, అన్నాను.
"ఏటి మార్చీది. బేరమైపోనాది కదే,"
అని చేట దగ్గరికి జరిపింది.

తవుడు ముక్కుకంటుకున్నా
అది మళ్ళీ ప్రయత్నిస్తూనే ఉంది.