మింగిన మాత్ర

లిక్ ఫోర్క్ ఫైర్ స్టేషన్‌లో
ఎర్ర బండిని బయట వానలో నిలబెట్టి
దాని చోట్లో మడత కుర్చీలు వేశాం.
నేల మీద డీజిల్ మరక అలాగే ఉంది.
మరక పక్కనే బల్ల, బల్ల మీద ఆర్బిన్ స్టిల్ట్‌నర్ ఫొటో,
మొక్కజొన్న రొట్టె, ఉడికించిన చిక్కుడు గింజలు,
ఎవరు తెచ్చారో తెలియని మూడు పుడ్డింగులు.

పోయి ఏడాదైంది.
ఉపన్యాసాలొద్దని డ్రీమా ముందే చెప్పింది.
అతని భార్య. ఆమె చెప్పిందంటే చెప్పిందే.

నేను బడి బస్సు నడుపుతాను.
గిటారు పట్టుకోవడం కూడా రాదు.
ఇరవై ఆరేళ్లుగా అతని క్యాసెట్ ఒక్కటే నా బస్సులో.
పిల్లలు మారారు, పిల్లల పిల్లలెక్కారు,
టేపు సాగి సాగి ముసలి గొంతులా అయింది.
ఏ మలుపులో ఏ స్వరమో నాకు కంఠతా వచ్చు.
తొమ్మిదో మలుపు, బాప్టిస్టు చర్చి దిగుడు,
సరిగ్గా అక్కడ
పరుగెత్తే అతని కుడిచెయ్యి
ఒక్క మాత్ర ఆగుతుంది.

ఆ ఖాళీ మీద ఎన్ని వాదాలు!
కెంటకీ నుంచొచ్చే పోస్ట్‌మాన్ థర్మన్ అంటాడు
"అది దగ్గు. గనిలో మింగిన నల్లదుమ్ము
లోపల్నుంచి తలుపు తట్టింది."
ప్రతి ఆగస్టుకీ ఒసాకా నుంచి దిగే
పళ్ల డాక్టరు నిషివాకి
నోటుపుస్తకం నిండా గీతలు గీసి తేల్చాడు
అది కావాలని వదిలిన చోటు,
బ్లూగ్రాస్‌లో అంత తెగువ ఇంకెవరికీ లేదని.

డ్రీమా గిన్నెల మూతలు సరిచేస్తూ
ఎవరూ అడక్కుండానే ఇవాళ చెప్పేసింది:
"పొద్దున్నంతా ఇద్దరం చిక్కుళ్లు ఈనెలు తీశాం.
చేతులకి జిగురు. పిక్కు జారింది.
మళ్లీ వాయించమంటే
స్టూడియోకి గంటకింతని కట్టాలి కదా,
ఎవరు వింటార్లే అన్నాడు."

నిషివాకి నోటుపుస్తకం మూశాడు.
కాసేపాగి మళ్లీ తెరిచి
చిక్కుళ్లని రాసుకున్నాడు.

చివరి రెండేళ్లూ
డాక్టరిచ్చిన మాత్రలన్నీ వేళకి మింగాడు ఆర్బిన్.
ఒక్కటీ పనిచేయలేదు.
ఎప్పుడో పొరపాటున మింగిన ఆ ఒక్క మాత్ర
ఇంకా పనిచేస్తోంది.

వాయించడం మొదలైంది. ముప్పై గిటార్లుంటాయేమో.
ముందు వరసలో పన్నెండేళ్ల కాల్డర్,
నాలుక పళ్ల మధ్య పెట్టుకుని,
ఆర్బిన్‌ని చూడనైనా చూడనివాడు,
పాటే అలా పుట్టిందనుకుంటున్నవాడు.
ఆ చోటొచ్చింది.
అందరూ ఆగారు.
నింపేస్తానేమోనని బాంజో కూడా చెయ్యి తీసేసింది.

రేకు మీద వాన.
మూలనున్న ఫ్రిజ్జు గురక.
ఎవరిదో కీళ్లు విరిగిన కుర్చీ.
ఇన్నేళ్లూ నా బస్సు ఇంజను
పూడ్చేస్తూ వచ్చింది దీన్నా!

మళ్లీ అందుకున్నారు. అంతలో గోడ మీద గంట,
కొండవాలు రోడ్డు మీద ఏదో లారీ బోల్తా.
వాలంటీర్లు నలుగురు వాయిస్తున్నవాళ్లు వాయిస్తున్నట్టే లేచి
గిటార్లు కుర్చీల్లో పడేసి బూట్లలో దూరారు.
సైరను మలుపు తిరిగి సన్నగిల్లింది.
మిగిలినవాళ్లు ఆపలేదు.

"పట్టుకో, పడిపోతుంది" అని
డ్రీమా ఒక గిటారు నా ఒళ్లో పెట్టింది.
ఎలా పట్టుకోవాలో తెలీక
పసిబిడ్డలా రెండు చేతులా పట్టుకున్నాను.
ఎవరూ మీటకుండానే
పక్కవాళ్ల పాటకి దాని చెక్క
నా కడుపు మీద సన్నగా వణుకుతోంది.

ఆ చోటు రాగానే
అదీ ఆగింది.
నా ఊపిరి కూడా ఆగిందని
తర్వాత, బస్సు తాళం తిప్పుతుంటే
గుర్తొచ్చింది.