అర స్వరం తక్కువ

బుధవారం పొద్దున రొట్టెల కోసం వచ్చిన ఎవారిస్తో
ఎడమ చెంప తిప్పి "ఏమన్నావు?" అన్నాడు.
ఎప్పుడూ కుడి చెవే కదా ముందుకు పెట్టేది ఆ మనిషి!
యాభై ఏళ్ళుగా వాల్పరైసో కొండల మీద
పియానోలకు శ్రుతి పెట్టిన చెవి.

"రాత్రి పడుకునేటప్పుడు బాగానే ఉంది,
లేచేసరికి దూది కూరినట్టుంది.
జలుబు, అంతే.
ఆలివ్ నూనె వెచ్చజేసి రెండు చుక్కలు వేశాను."
చిల్లర లెక్కపెట్టాడు.
తర్వాత, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు గొంతు తగ్గించి:
"రేవులో ఓడ కూస్తే
ఎడమ చెవికి ఒక స్వరం,
కుడి చెవికి అర స్వరం తక్కువ.
ఒకే ఓడ, రోసాల్బా. రెండు కూతలు."

పొయ్యిలో రొట్టెలు మాడాయి. మాడనీ.

నాకు తెలుసు ఆ దూది.
పదకొండేళ్ళ కిందట నా ఎడమ చెవిలో కూరుకుంది.
గుబిలి అన్నాను. నీళ్ళు పోయాయన్నాను.
పిండి దుమ్మన్నాను.
ఈ ఆదివారం దాటితే తగ్గుతుందన్నాను
ఆరు ఆదివారాలు.
ఏడో వారం డాక్టరు కాగితం మీద ఒక గీత చూపించాడు,
మెట్లు లేని కొండలా జారిపోయిన గీత.
"నొప్పి పుట్టి ఉంటే వచ్చేదాన్ని" అన్నాను.
"నొప్పి లేకపోవడమే దీని మోసం" అన్నాడు.
ఇప్పుడక్కడ ఒక జోరీగ కాపురముంటోంది.
అద్దె ఇవ్వదు, ఖాళీ చెయ్యదు.

అందుకే చెవినిల్లు కట్టుకుని పోరాను,
ఆయనకు మిగిలిన ఆ ఒక్క చెవిలోనే.
బుధవారం పెడచెవిన పెట్టాడు.
గురువారం కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాడు,
గోడకి కూడా జలుబనే చెప్పాడు.
శుక్రవారం కొట్టు మూసి, పిండి చేతులతోనే
రెక్క పట్టుకుని కొండ దిగే తీగబండి ఎక్కించాను.
కిర్రుమనే ఆ బండి కూడా
ఆయనకు ఒక పక్కనే కిర్రుమంది.

డాక్టరమ్మ చిన్నపిల్ల. చెవిలో దీపం పెట్టి చూసింది.
"గుబిలి లేదు. కర్ణభేరి అద్దంలా ఉంది."
ఎవారిస్తో నావైపు గర్వంగా చూశాడు.
అప్పుడామె సొరుగులోంచి తీసింది
శ్రుతి దండం.

నవ్వాడు, మూడు రోజుల్లో మొదటిసారి.
ఆమె దాన్ని మోకాలికి తట్టి
ఆయన నుదుటి నడుమ ఆనించింది.
"దో" అన్నాడు వెంటనే. "కాస్త దిగింది."
"మా వైద్యులది కాస్త దిగే ఉంటుందండీ.
ఏ చెవిలో మోగుతోంది?"
ఎడమ వైపు వేలెత్తాడు.
ఆమె నవ్వు ఆగిపోయింది.
"లోపల అడ్డేదో ఉంటే మూసుకున్న చెవిలోనే గట్టిగా మోగేది.
ఇది నరం. ఎన్నాళ్ళైంది?"
మూడు రోజులని నేనే చెప్పాను.
"మాత్రలు ఇవాళే మొదలుపెడదాం.
తిరిగొస్తుందని మాటివ్వలేను.
రేపటికంటే ఇవాళ మేలు, అంతవరకే నాకు తెలుసు."

వచ్చింది, చాలావరకు.
పియానో చివరి తొమ్మిది మెట్లు మాత్రం రాలేదు.
వాటి కోసం మేనకోడలు ఫ్లోరిందాను వెంట తీసుకెళ్తాడు,
అందరికీ సంచి మోయడానికని చెబుతాడు.

రొట్టెలిచ్చేటప్పుడు ఆయన ఎడమ పక్కకు నేను జరిగితే
ఒప్పుకోడు. కుడి చెంప ముందుకు తోసి
"ఇటు చెప్పు" అంటాడు.
నేనూ నా కుడి చెవే తిప్పుతాను.
అలా ఇద్దరం, పందెంలో దిగిన పుంజుల్లా
ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా
అర కిలో రొట్టె గురించి
వీధంతా వినేలా అరుచుకుంటాం.